పాత పికప్ ట్రక్కులకు కొత్త పక్క అద్దాలు

పాతకాలపు పికప్ ట్రక్కుకు ఫ్యాక్టరీ ఇచ్చిన పక్క అద్దాలు తీసేసి, కొత్త ఆకారంలో కోయించిన అద్దాలు అమర్చడం అమెరికాలో పెరిగిన కస్టమ్ వాహన కళలో ఒక శాఖ. షెవ్రొలే, ఫోర్డ్, డాడ్జ్ ట్రక్కుల మీద ఈ పని ఎక్కువగా జరుగుతుంది. ఇందులో మూడు రకాలున్నాయి. తలుపులోని త్రికోణపు అద్దం తొలగించి ఒకే పెద్ద అద్దం పెట్టడం మొదటిది. పైకప్పు దించిన క్యాబ్‌కు పొట్టి అద్దాలు చేయడం రెండోది. క్యాబ్ వెనక మూలల్లో కొత్త కిటికీలు తెరవడం మూడోది. రేకును కోయవచ్చు, అతకవచ్చు, సాగదీయవచ్చు. గాజు అలా లొంగదు. అందుకే ఏ కాలంలో ఎలాంటి గాజు దొరికిందన్నదే ఈ కళ హద్దులను నిర్ణయిస్తూ వచ్చింది.

తొలి క్యాబ్‌లు, తొలి గాజు

ఫోర్డ్ కంపెనీ 1925లో మోడల్ టి రనబౌట్‌ను పికప్ తొట్టితో అమ్మడం మొదలుపెట్టింది. దానికి పక్క అద్దాలు లేవు, వానొస్తే గుడ్డ తెరలు కట్టుకోవలసిందే. మూసిన క్యాబ్‌లు వచ్చాకే తలుపుల్లో పైకీ కిందికీ కదిలే అద్దాలు చేరాయి.

మామూలు గాజు పగిలితే పదునైన పెంకులై మనిషిని గాయపరుస్తుంది. ఫ్రెంచి రసాయనవేత్త ఎడువార్ బెనెడిక్టస్ రెండు గాజు పలకల నడుమ సెల్యులాయిడ్ పొర ఉంచి అతికే పద్ధతికి 1909లో పేటెంటు తీసుకున్నాడు. ఆ పొర ఎండకు పసుపెక్కేది. 1930ల చివర్లో పాలీవినైల్ బ్యూటిరాల్ పొర వచ్చి ఆ లోపం తీర్చింది. ఇలా పొరలు అతికిన లామినేటెడ్ గాజును రెండు వైపులా గీసి, విరిచి, నడిమి పొరను కోస్తే కావలసిన ఆకారం వస్తుంది. పాత ట్రక్కుల తలుపు అద్దాలు చదునైనవి కావడంతో, అట్ట నమూనా తీసుకెళ్తే గాజు కోసే దుకాణంలోనే కొత్త అద్దం తయారయ్యేది. తొలితరం కస్టమ్ పనివాళ్లకు ఆ స్వేచ్ఛ ఇచ్చింది ఈ గాజే.

త్రికోణపు అద్దం, మూల కిటికీ

జనరల్ మోటార్స్ వారి ఫిషర్ బాడీ విభాగం 1933లో కార్ల కిటికీల్లో ఇరుసు మీద తిరిగే చిన్న అద్దాన్ని ప్రవేశపెట్టింది. అంబాసిడర్ కారు ముందు తలుపుల్లో తెలుగువాళ్లు చూసిన త్రికోణపు అద్దం ఆ కోవలోదే. వాన నీరు లోపల పడకుండా గాలి రావడానికి అది పనికొచ్చేది.

షెవ్రొలే 1947 వేసవిలో తెచ్చిన అడ్వాన్స్ డిజైన్ ట్రక్కుల తలుపులకు మొదట ఒకే అద్దం ఉండేది. త్రికోణపు అద్దం 1951లో వచ్చింది. కస్టమ్ పనివాళ్లు తర్వాత కష్టపడి సాధించిన ఒకే అద్దపు నున్నని తీరు 1947–50 నమూనాల్లో సహజంగానే ఉందన్నమాట. అదే శ్రేణి డీలక్స్ క్యాబ్‌కు వెనక మూలల్లో వంపు తిరిగిన కిటికీలు రెండు ఉండేవి. వాటిని కలుపుకొని దాన్ని ఫైవ్-విండో క్యాబ్ అంటారు. మూల కిటికీలు లేని క్యాబ్‌కు, పాడైపోయిన డీలక్స్ క్యాబ్ నుంచి ఆ భాగాన్ని కోసి తెచ్చి వెల్డింగ్ చేయడం ఇప్పటికీ ఉన్న పద్ధతి.

కస్టమ్ ఉద్యమం

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాలిఫోర్నియాలో పాత కార్లను మార్చుకునే యువతరం పెరిగింది. హాట్ రాడ్ పత్రిక 1948 జనవరిలో, రాడ్ అండ్ కస్టమ్ 1953లో మొదలయ్యాయి. రాడ్ అండ్ కస్టమ్ సంపాదకుడు స్పెన్సర్ మరే 1950 నాటి షెవ్రొలే పికప్‌ను 'డ్రీమ్ ట్రక్' పేరుతో వేర్వేరు షాపుల్లో మార్పిస్తూ, ఆ కథను పత్రికలో పాఠకుల ముందుంచాడు. దాని పైకప్పును కూడా దించారు. పనిముట్టుగా మాత్రమే చూసిన ట్రక్కు కళావస్తువు కాగలదని చాటిన వాహనాల్లో అది ముఖ్యమైనది.

పైకప్పు దించడమంటే క్యాబ్ స్తంభాలను కొన్ని అంగుళాల మేర కోసి, కప్పును కిందికి దించి మళ్లీ అతకడం. అప్పుడు కిటికీ ఎత్తు తగ్గుతుంది, ముందు స్తంభం వాలు కూడా మారవచ్చు. అందుకే పాత అద్దం పైఅంచు మాత్రం కోస్తే చాలదు, చుట్టూ కొత్త గీత గీయాలి.

అమర్చే విధానం

త్రికోణపు అద్దం తీసేయడం తేలిక, దాని చోటు నింపడమే కష్టం. కిందికి దిగే అద్దానికి ముందూ వెనకా సమాంతరంగా రెండు గాళ్లు కావాలి. కానీ కిటికీ ముందు అంచు క్యాబ్ ముందు స్తంభం వెంట ఏటవాలుగా ఉంటుంది. ఆ వాలును ఇంతకాలం త్రికోణపు అద్దం భర్తీ చేసింది, దాని నిలువు చట్రమే పెద్ద అద్దానికి ముందు గాడి. చట్రం పోయాక పెద్ద అద్దం దిగడం మొదలవగానే దాని ముందు మూల వాలు అంచును వదిలేస్తుంది. అద్దం ఊగకుండా తలుపు రేకు లోపల కొత్త గాడి బిగించాలి, అది వెనక గాడికి సమాంతరంగా ఉండాలి.

ముందుగా అట్టతోనో పలుచని ప్లైవుడ్‌తోనో నమూనా చేసి, ఎక్కించి దించి చూస్తారు. గాళ్లలో ఉన్నిగుడ్డ పూత ఉన్న రబ్బరు, తలుపు అంచున బీడింగ్ వేస్తారు. వాటి మందాన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి. అద్దం అడుగున లోహపు పట్టీ అతికి, దాన్ని అద్దాన్ని ఎత్తి దించే యంత్రాంగమైన రెగ్యులేటర్ చేతులకు కలుపుతారు. అద్దం పెద్దదైతే బరువూ పెరుగుతుంది, బరువు కేంద్రం ముందుకు జరుగుతుంది. పట్టీని ఆ మేరకు సర్దకపోతే అద్దం ఒరిగి గాడిలో బిగుసుకుపోతుంది. అద్దాన్ని ఎత్తి దించడానికి మోటారు పెట్టేవాళ్లు విద్యుత్తు సంగతీ చూడాలి. 1955 నడుమ దాకా షెవ్రొలే ట్రక్కులు 6 వోల్టులవి, ఇప్పటి మోటార్లు 12 వోల్టులవి.

టెంపర్డ్ గాజు, నిబంధనలు

వేడిచేసి చప్పున చల్లార్చిన టెంపర్డ్ గాజు గట్టిది. పగిలితే మొద్దు గుళికలవుతుంది. అయితే ఒకసారి టెంపర్ చేశాక కోయలేరు, కోస్తే మొత్తం పగులుతుంది. ఆకారం, రంధ్రాలు, అంచుల నునుపు అన్నీ కొలిమికి ముందే పూర్తి కావాలి. 1973లో జనరల్ మోటార్స్ పికప్‌లకు వంపు తిరిగిన పక్క అద్దాలు వచ్చాయి. అలాంటి ట్రక్కుల పైకప్పు దించితే చదును గాజు సరిపోదు. అందుకే పైకప్పు దించే కళ పాత నమూనాల మీదే ఎక్కువగా నిలిచింది.

అమెరికాలో 1968 జనవరి 1న అమల్లోకి వచ్చిన కేంద్ర భద్రతా ప్రమాణం 205 వాహనాల గాజుకు నిబంధనలు పెట్టింది. డ్రైవరు చూపుకు అవసరమైన అద్దాల గుండా కనీసం 70 శాతం వెలుతురు సాగాలి, ప్రమాణపు ముద్ర గాజు మీదే ఉండాలి. ప్లాస్టిక్ పలక తేలికగా వంగుతుంది. కానీ గీతలు పడి చూపును మసకబారుస్తుంది కనుక రోడ్డు మీద తిరిగే ట్రక్కు తలుపుకు అది తగదు.

ఇప్పటి స్థితి

ప్రజాదరణ ఉన్న నమూనాలకు ఒకే అద్దపు కిట్లు నేడు తయారుగా దొరుకుతాయి. కంప్యూటరుతో నడిచే కోత యంత్రాలు వచ్చాక, ఒక్క ట్రక్కు కోసమే అద్దం కోయించి టెంపర్ చేయించడం కూడా సాధ్యమైంది. పైకప్పు దించిన ప్రతి క్యాబూ కొలతల్లో వేరే కనుక దానికి కిట్ సరిపోదు, నమూనా తీసే చెయ్యి కావాలి. తీసేసిన త్రికోణపు అద్దాలనూ చట్రాలనూ పారేయడం మాత్రం నష్టం. అసలు రూపంలో పునరుద్ధరించేవాళ్లకు అవి అవసరం. రేకు కోయకుండా చేసిన మార్పునైతే వాటితోనే వెనక్కి తిప్పుకోవచ్చు.