డెబ్బై ఐదు గుంటల పలక

కాశీపూర్‌లో మా అత్తవారింటి అటక మీంచి రేడియోతో పాటు ఒక కథ కూడా దిగింది. ఎవరో తెల్లదొర దేశం వదిలి పోతూ తాతగారికి అమ్మిపోయాడట. ఆ కొండల్లో పాత వస్తువు ఏది దొరికినా దాని వెనక ఒక దొర తయారవుతాడు. నా బావమరిదికి కథతో పని లేదు, పెట్టె పాడితే చాలు. అయితే గోడ సాకెట్టులో పెట్టే వైరే దానికి లేదు. వెనక అట్ట విప్పితే పొట్టి వైరు చివర నాలుగు కాళ్ల ప్లగ్గు ఒకటి వేలాడుతోంది.

పాత రేడియో చేతికొచ్చిన వాళ్లు ముందుగా చెయ్యకూడని పని, ఎక్కడో ఒక వైరు తగిలించి కరెంటు ఇవ్వడం. చదవాల్సింది వాల్వులు. మెత్తటి గుడ్డతో దుమ్ము మాత్రమే తుడవాలి, గట్టిగా రుద్దితే గాజు మీది అక్షరాలు కూడా పోతాయి. ఇందులో నాలుగున్నాయి: డీకే96, డీఎఫ్96, డీఏఎఫ్96, డీఎల్96. మొదటి 'డీ' అంటే ఫిలమెంటుకు 1.4 వోల్టులు చాలు, అంటే బ్యాటరీ రేడియో. కరెంటు మొహం చూడని ఊరికి సరిపోయే సరుకు. ఈ 96 వరుస 1950లు రాకముందు పుట్టనే లేదు. 1947లో మూటాముల్లె సర్దుకున్న దొర దీన్ని అమ్మడం ఎలా కుదురుతుంది?

అట్ట లోపలి వైపు చెదలు కొరికిన బిల్లు ఒకటి అంటుకుని ఉంది. తేదీ ఉన్న మూల చెదల పాలైంది. మిగిలిన రెండు ముక్కలే పని చేసి పెట్టాయి. మొత్తం చివర "50 న.పై." అని ఉంది. నయా పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, 1964 జూన్ 1 నుంచి 'నయా' పోయి ఉత్త పైసలయ్యాయి. రెండోది చిరునామా: కాశీపూర్, కలహండి జిల్లా. ఇప్పుడు రాయగడ జిల్లా అంటాం, 1992 దాకా కోరాపుట్ అనేవాళ్లం. అంతకు ముందు, 1960ల్లో అటు మార్చేదాకా, కాశీపూర్ కలహండిదే. ఇల్లు కదలకుండా మూడు జిల్లాలు తిరిగిన కుటుంబమన్నమాట! కాబట్టి కొనుగోలు 1957కి ఇవతల, జిల్లా మారడానికి అవతల. పార్వతీపురం నుంచి వచ్చి కిరాణా కొట్టు పెట్టిన తాతగారు ఏదో ఒక మంచి ఏడాది చూసి కొనుక్కున్నారు.

ఎప్పుడు మూగబోయింది? అసలు చిక్కు ఇక్కడే ఉంది. పోస్టాఫీసు రేడియో లైసెన్సు పుస్తకంలో ముద్రలు ఒక చోట ఆగిపోయాయి. అక్కడితో రేడియో పాట ముగిసిందని బావమరిది తీర్పు చెప్పేశాడు. లైసెన్సులు 1980ల్లో ప్రభుత్వమే ఎత్తేసింది, ముద్ర ఆగినంత మాత్రాన గొంతు ఆగినట్టు కాదు. డయలు గాజు పక్కన నీలం సిరాతో రాసి అతికించిన చీటీ చూడండి: 1467. అది కోరాపుట్ వైపు జైపూర్ ఆకాశవాణి. ఆ కేంద్రం 1964లో మొదలైంది, కానీ ఈ అంకె అప్పటిది కాదు. 1978 నవంబరు 23న ఆసియా అంతటా మీడియం వేవ్ కేంద్రాలు తొమ్మిదేసి కిలోహెర్ట్జ్‌ల ఎడానికి మారాయి. విజయవాడ 837, విశాఖ 927, జైపూర్ 1467, ఏది తీసుకున్నా తొమ్మిదితో శేషం లేకుండా భాగించబడుతుంది. అంటే 1978 తర్వాత కూడా ఈ పెట్టె పాడుతోంది. షార్ట్ వేవ్‌లో 41 మీటర్ల దగ్గర గోటి గీత ఉంది, అది రేడియో సిలోన్ కోసమని వేరే చెప్పాలా?

కానీ దేనితో పాడింది? దీనికి ఫిలమెంటుకొక 1.5 వోల్టుల సెల్లు, పైన 90 వోల్టుల పెద్ద బ్యాటరీ కావాలి. మెకానిక్కులు ఎల్‌టీ, హెచ్‌టీ అనేవి ఇవే. ట్రాన్సిస్టర్లు ఊరూరా చేరాక 90 వోల్టుల ప్యాక్ ఎవరు అమ్ముతారు?

అటక మీంచే ఒక చెక్క పలక కూడా దిగింది. వరుసకు పదిహేను చొప్పున అయిదు వరుసల గుంటలు. "గుడ్లు పెట్టే పలకేమో బావా" అన్నాడు వాడు. కోమట్ల ఇంట్లో గుడ్లా! గుంటల అడుగున తుప్పు పట్టిన రేకు ముక్కలు, ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొర. వేలికి నల్లటి మసి అంటింది. టార్చి సెల్లు తెచ్చి పెడితే గుంటలో సరిగ్గా కూర్చుంది. అరవై సెల్లులైతే అరవై ఇంటూ ఒకటిన్నర, తొంభై. మరి డెబ్బై ఐదు దేనికి? అన్నీ కలిపితే 112 దాటుతుంది, ఈ వాల్వులకు అది ఎక్కువ.

ప్రతి వరుస చివరా ఒక మేకు ఉంది, క్లిప్పు తగిలించడానికి. నాలుగో వరుస మేకు మీద గీతలు అక్కడక్కడ. అయిదో దాని తల అరిగిపోయింది. అప్పుడు అత్తగారు అన్నారు: "టార్చి ఎలగట్లేదని కొట్టుకొచ్చినోళ్లు కొత్త సెల్లులు ఏసుకుని, పాతవి బల్ల మీదే వదిలీసీవోరు బాబూ. పారెయ్యనిచ్చీవోరు కాదు మీ మామగారు. ఎందుకో మాకేటి తెలుసు?" టార్చి వెలిగించలేని సెల్లులో కూడా 1.2 వోల్టుల దాకా మిగులుతుంది. హెచ్‌టీ లాగేది పది మిల్లీయాంపులకు అటూ ఇటూ మాత్రమే, టార్చి బల్బు ముందు అదొక లెక్కా! డెబ్బై ఐదు ఇంటూ 1.2, సరిగ్గా తొంభై. చిల్లి గవ్వ ఖర్చు లేకుండా మామగారు సిలోన్ విన్నారు.

మేం మాత్రం తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీలు పది వరుసగా కలిపాం. ముట్టుకుంటే బాగా కొడుతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. ఫిలమెంటు వైర్లకు హెచ్‌టీ పొరపాటున తగిలిందా, కన్ను మూసి తెరిచేలోగా నాలుగు వాల్వులూ మాడతాయి. అందుకే మొదటిసారి హెచ్‌టీ దారిలో 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాం. దాన్ని దాటి 20 మిల్లీయాంపులు కూడా పోలేవు, ఫిలమెంటేమో 25 తట్టుకుంటుంది. డీఎల్96 గ్రిడ్డుకు ముందుండే పాత కాగితం కండెన్సర్ లీకవుతోంది, దాన్ని ముందే మార్చాం. పెరట్లో ఏరియల్ కట్టి, తడినేలలో ఎర్త్ దింపి స్విచ్చి తిప్పితే సన్నటి బుస్సుమనే చప్పుడు వచ్చింది. రెసిస్టర్ తీసేశాక గొంతు లేచింది.

బావమరిదికి ఇప్పుడు మళ్లీ ఆ పలక నింపాలని ఉంది. కొట్టులో అమ్ముడయ్యేవి ఛార్జింగ్ టార్చీలు. జనం తెచ్చి పడేసే పాత సెల్లులు గోడ గడియారాలవి, సన్నవి, ఆ గుంటల్లో నిలవవు.