పిడికిలి బియ్యం

మా అమ్మ పొయ్యి పక్కన మూతి విరిగిన చిన్న కుండ ఒకటి ఉండేది. దంచిన జొన్నలు ఎసట్లో పోసే ముందు ఒక పిడికిలి తీసి అందులో వేసేది. ఇల్లు ఎంత ఇబ్బందిలో ఉన్నా ఆ పిడికిలి తప్పేది కాదు. ఆదివారం పొద్దున ఆ గింజలు కొంగున మూటగట్టుకొని గుడికి పోయి, బల్ల ముందు పరిచిన ఈతచాప మీద పోసేది. దాన్ని 'పిడికిలి బియ్యం' అనేవాళ్లం. పేరుకే బియ్యం. 1967లో సాగర్ కాలవలకు నీళ్లు వదిలిందాకా మా పల్నాట్లో వరన్నం పండగనాటి మాట. చాప మీద పడేవి జొన్నలు, సజ్జలు.

గురజాల చుట్టుపక్కల లూథరన్ సంఘాల కథ ఎవరు చెప్పినా హయ్యర్ అయ్యగారితోనే మొదలుపెడతారు. జర్మనీలో పుట్టి, అమెరికాలో పాస్టరైన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. అప్పటి కలెక్టరు స్టోక్స్ దొర ఆయనకు అండగా నిలిచాడు. మధ్యలో ఒకసారి తిరిగిపోయి, బాల్టిమోరులో వైద్యం కూడా నేర్చుకొని మళ్లీ వచ్చాడు. 1849లో గురజాలలో మకాం పెట్టేనాటికి వయసు యాభై అయిదు దాటింది. 1857లో అమెరికా వెళ్లిపోయినవాడు, రాజమండ్రి మిషన్ చేజారిపోతుందని తెలిసి 1869లో, 76 ఏళ్ల వయసులో, మళ్లీ ఓడెక్కాడు. ఆ పట్టుదలకు దండం పెట్టాల్సిందే.

అయినా నా లెక్క వేరు. అయ్యగారు పల్నాట్లో ఉన్నది కొద్ది ఏళ్లే. ఆ తరవాత ధాత కరువొచ్చింది, గత్తరొచ్చింది, దొరలు మారారు. గుడి దీపం ఆరకుండా కాసింది మాత్రం ఊరూరి ఉపదేశులు, బైబిలు స్త్రీలు, వాళ్లకింత కూడు పెట్టిన ఆ పిడికిళ్లు.

మా తాత ఉపదేశే. పగలంతా కూలికి పోయి వచ్చినవాళ్లను రాత్రిపూట గుళ్లో కూర్చోబెట్టి, లాంతరు వెలుగులో ఇసక మీద వేలు పట్టి అక్షరాలు దిద్దించేవాడు. ఓనమాలు, లూథరు చిన్న ప్రశ్నోత్తరి, ఎక్కాలు – అన్నీ ఒకే బడి. ఆయన చదివింది గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో. మా వినుకొండ బిడ్డ గుర్రం జాషువా అక్కడే పదేళ్లపాటు పాఠాలు చెప్పారు. "పంతులుగారు పద్యం ఎత్తుకుంటే గంట కొట్టేవాడు కూడా కొట్టడం మరిచిపోయేవాడమ్మా" అని తాత మురిసిపోయేవాడు. ఆ లాంతరు వెలుగే నన్ను ముప్పై నాలుగేళ్లు పంతులమ్మను చేసింది.

చదువు వచ్చింది. కులం మాత్రం పోలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. మన రాష్ట్రంలో బీసీ-సీ. అందుకే మా ఇళ్లలో చాలామందికి గుళ్లో ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు. పేరు పిలిస్తే ఏ పేరుకు పలకాలో తెలియక బిక్కమొహం వేసుకొని నిలబడ్డ పిల్లల్ని నా క్లాసులోనే చూశాను.

బయటివాళ్లను అని ఏం లాభం? మా ఊళ్లో కులానికో పల్లె, రెండు పల్లెలకు రెండు గుళ్లు. మిషన్ ఒకటే, కీర్తనల పుస్తకం ఒకటే. ప్రభువు బల్ల దగ్గర గిన్నె కూడా ఒకటే అంటాం. పెళ్లి విందులో మాత్రం పంక్తులు రెండు. నా పెళ్లినాడు ఆ రెండో పంక్తిని చూసి మా తాత అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "బ్రహ్మనాయుడు పుట్టిన గడ్డమ్మా ఇది" అన్నాడు, అంతే.

ఆ మాట అర్థం కావాలంటే పల్నాటివాడై ఉండాలి. మాచర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడనీ, మాల కన్నమదాసును కొడుకుగా చేసుకున్నాడనీ మా వీరగాథ చెబుతుంది. కారంపూడి వీరుల తిరునాళ్లలో ఇప్పటికీ ఆ చాపకూడు పెడతారు. అయ్యగారి ఓడ రావడానికి ఆరేడు వందల ఏళ్ల ముందే ఈ నేల మీద ఉన్న కోరిక అది.

ఇప్పుడు గుడికి మాచర్ల నాపరాళ్ల నేల, ఫ్యాన్లు, స్పీకర్లు వచ్చాయి. ఈతచాప పోయింది. కోతల పండుగకు మాత్రం మిరపకాయలు, పత్తి, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు వస్తాయి. పోయినసారి ఒక ముసలమ్మ తెచ్చిన నాలుగు గుడ్లు వేలంలో ఆరొందలు పలికాయి. పాడింది ఆమె మనవడే. హైదరాబాదు నుంచి వచ్చి, పట్టుదలగా పాడి, ఆ గుడ్లు మళ్లీ ఆమె ఒళ్లోనే పెట్టాడు.

ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం 1927లో ఏర్పడింది. 2027కు నూరేళ్లు. దానికి ఏం చేద్దామని మా కుర్ర పాస్టరుగారు సంఘ పెద్దల్ని అడిగారు. ఒకరు ముఖద్వారానికి ఆర్చి అన్నారు. ఒకరు గంట గోపురం అన్నారు. నా వంతు వచ్చింది.

"చాపలు కొనండి అయ్యగారూ" అన్నాను. "పొడుగాటివి. రెండు పల్లెలకూ సరిపోయేట్టు."

ఎవరూ నవ్వలేదు. పాస్టరుగారు పుస్తకం తెరిచి, ఆర్చి కింద రాసుకున్నారు: చాపలు.