వేలిముద్ర పుట్టు పూర్వోత్తరాలు

దస్తావేజు లేఖరిగా నా బతుకంతా సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుటే గడిచింది. మా నాన్నదీ అదే పని. సంతకం వచ్చినవాళ్లయినా సరే, ఆఫీసు పుస్తకంలో బొటనవేలు వెయ్యాల్సిందే. "సంతకం పెట్టాక మళ్లీ ఇదెందుకయ్యా?" అని రైతులు విసుక్కుంటే నాన్న, "రేపు నాది కాదనకుండా" అనేవాడు.

ఆయనకు తెలియదు గానీ ఆ జవాబు వయసు 1858 నుంచి లెక్క. బెంగాల్లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డు సామాను తోలడానికి రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరుతో ఒప్పందం రాయించుకున్నాడు. రేపు ఈ సంతకం నాది కాదంటాడేమోనని దొరకు అనుమానం. కచేరీ ముద్రకు వాడే నూనె సిరాను కోనాయ్ అరచేతికి పూసి, కాగితం వెనక చెయ్యంతా అద్దించాడు. ఎవరి గీతలు వారివేనన్న సంగతి అప్పటికి దొరకూ తెలియదు. ఆ పూటకు కావాల్సింది భయపెట్టడం, అంతే. తర్వాత ఏళ్ల తరబడి ముద్రలు పోగుచేసి, గీతలు మారడం లేదని గమనించి, 1877లో హుగ్లీలో పింఛన్లకూ జైలుకూ రిజిస్ట్రేషన్లకూ ఈ పద్ధతి పెట్టాడు. మా వృత్తిలోకి వేలు దూరింది అక్కణ్ణుంచే.

1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలిసింది; ప్రపంచంలో అదే మొదటిది. కుప్పల్లోంచి కావాల్సిన ముద్రను వెతికి తీసే లెక్క కట్టడంలో అసలు చాకిరీ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌లది. పేరు పై అధికారి హెన్రీకి దక్కింది. ఆఫీసుల్లో ఇది మామూలే.

మన వైపు ఈ సిరా మరకను ఎక్కువగా మోసింది ఎరుకలవాళ్లు. నేరస్థ జాతులని ముద్ర వేసిన కులాల వాళ్ల పేర్లు నమోదు చేసి వేలిముద్రలు తీసుకునే అధికారాన్ని 1911 చట్టం సర్కారుకిచ్చింది. బాపట్ల దగ్గర ఎరుకలవాళ్లను ఉంచిన స్టూవర్టుపురం సెటిల్మెంటు 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతి మీదుగా మొదలైంది. పొలం అమ్మినవాడు ఒకసారి వేలు వేసి ఇంటికి పోతాడు. వీళ్ల ముద్ర మాత్రం నేరం జరగకముందే పోలీసు బీరువాలోకి చేరింది. 1952లో నేరస్థ జాతుల చట్టం దేశమంతటా రద్దయింది.

ఆధార్ వచ్చాక అందరివీ పది వేళ్లూ సర్కారు లెక్కలోకి ఎక్కాయి. దానిమీద రిటైరైన జడ్జి పుట్టస్వామి 2012లో సుప్రీంకోర్టుకెక్కితే, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాట మీద గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. వ్యక్తిగత డేటాకు చట్టం 2023లో గాని రాలేదు.

ఈలోగా, 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను పోలీసులకు పట్టుబడ్డాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఎవరైనా చూడగలిగేలా ఉన్న దస్తావేజుల్లోంచి వేలిముద్రలు దించుకుని, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో నకళ్లు తీసి, ఊరూపేరూ తెలియనివాళ్ల ఆధార్ మీద సిమ్‌లు నడిపించాడు. పేరు, ఆధార్ నంబరు, బొటనవేలు మూడూ ఒకే కాగితం మీద దొరికాయి మరి. మేము రాసే కాగితం లోకానికి చూపించడానికే. ఈ పొలం ఎవరిదో పదిమందికీ తెలియాలి. అలాంటి కాగితం మీది గుర్తునే తాళంచెవిగా వాడమన్నది ఎవరి తెలివో! పోయిన పాస్‌వర్డు మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం.

ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు ఉంటే చాలు, ఓటీపీ లేకుండానే బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీసుకోవచ్చు. అందుకే నా దగ్గరకొచ్చే ప్రతివాళ్లకూ ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోమని చెబుతుంటాను. చదువుకున్న కుర్రాళ్లు అక్కడికక్కడే వేసేసుకుంటారు. రేషను బియ్యానికీ పింఛనుకూ నెలనెలా వేలు వెయ్యాల్సిన ముసలమ్మలకు మాత్రం ప్రతిసారీ ఆ లాక్ తియ్యాలి. వాళ్లలో చాలామందికి ఆ యాప్ నడిచే ఫోనే లేదు.