చిగుళ్ళ నలుపు – లేసర్ చికిత్స: పల్లె కుటుంబాలు తెలిసికొనదగిన విషయాలు

చిగుళ్ళపై కనబడే నల్లని లేదా గోధుమవన్నె పొరను కాంతికిరణంతో తొలగించే చికిత్సను వాడుకలో చిగుళ్ళ లేసర్ చికిత్స అంటారు. ఇది ఏ రోగాన్నీ నయం చేసేది కాదు. చిగురు రంగును కొంతకాలం మార్చే సౌందర్య చికిత్స మాత్రమే. ఒకప్పుడు బెంగళూరు, హైదరాబాదు వంటి నగరాలకే పరిమితమైన దీని ప్రకటనలు ఇప్పుడు చేతిలోని ఫోను ద్వారా పేరేసంద్ర, బాగేపల్లి, చింతామణి చుట్టుపట్ల పల్లెలకూ చేరుతున్నాయి. పెండ్లిచూపుల వేళ "పిల్ల నవ్వితే చిగుళ్ళు నల్లగా ఉన్నాయి" అని ఎవరో అన్న ఒక్క మాటకు అప్పు చేసియైనా ఈ చికిత్స చేయించాలని తల్లిదండ్రులు తలపోయడం అసంభవమేమీ కాదు. అందువలన ఈ నలుపు ఏమిటి, లేసర్ దానిని ఏం చేస్తుంది, ఎంతకాలం ఫలితం నిలుస్తుంది, ఎప్పుడు తొందరపడకూడదు, ఎప్పుడు ఆలస్యం చేయకూడదు అన్న విషయాలు ప్రతి ఇంటా తెలిసి ఉండడం మంచిది.

నలుపు ఎక్కడి నుండి వస్తుంది?

చర్మానికి, వెంట్రుకలకు, కంటిపాపకు రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థమే చిగుళ్ళకూ రంగునిస్తుంది. చిగురు పైపొర చాలా పలుచన. దాని మందం మిల్లీమీటరులో పావు వంతు ప్రాంతం ఉంటుంది. ఆ పైపొర అడుగుభాగాన మెలనోసైట్లు అనే కణాలు ఉంటాయి. మెలనిన్‌ను తయారుచేసేవి అవే. నల్లనివారిలోను తెల్లనివారిలోను ఈ కణాల సంఖ్య ఇంచుమించు సమానమే. అవి ఎంత చురుకుగా పనిచేస్తాయన్నదే భేదం. ఆ చురుకుదనం వంశపారంపర్యంగా వస్తుంది. కనుక తల్లికో తండ్రికో చిగుళ్ళు నల్లగా ఉంటే బిడ్డకూ అలాగే ఉండడం సహజం. భారతీయులలోను, ఆఫ్రికా ప్రజలలోను ఇది సర్వసాధారణం. ఇట్టి నలుపు చిన్ననాటి నుండి ఉంటుంది, నోటిలో రెండు వైపులా ఒకే తీరున వ్యాపించి ఉంటుంది, నొప్పిగాని వాపుగాని కలిగించదు. దీనికి వైద్యం అవసరం లేదు.

పొగాకు రెండవ కారణం. బీడీ, సిగరెట్టు కాల్చేవారికి ముందుపండ్ల చిగుళ్ళు, ముఖ్యముగా క్రిందివి, క్రమంగా నల్లబడతాయి. స్వీడన్ దేశపు పరిశోధకుడు హెడిన్ 1977లో ఈ మార్పును వర్ణించి దానికి పొగత్రాగేవారి నలుపు అని పేరు పెట్టాడు. పొగత్రాగడం మానితే ఈ నలుపు కొన్ని నెలల నుండి కొన్నేండ్ల లోపల తనంతట తానే తగ్గిపోగలదు. తల్లిదండ్రులు పొగత్రాగే ఇండ్లలోని పిల్లల చిగుళ్ళలో నలుపు ఎక్కువగా కనబడినట్లు జపాన్ పరిశోధకులు 2005లో ప్రకటించారు.

ఏది సహజం, ఏది అనుమానించదగినది?

అన్ని నలుపులూ ఒకటి కావు. కొన్ని మందుల వలన నోటిలో రంగు మారుతుంది. మలేరియాకు, కీళ్ళవాతానికి ఇచ్చే క్లోరోక్విన్ జాతి మందులు, మొటిమలకు వాడే మినోసైక్లిన్, హెచ్.ఐ.వి.కి వాడే జిడోవుడిన్ అటువంటివి. రంగు మారిందని మందును సొంతంగా మానరాదు. ఇచ్చిన వైద్యునికే తెలుపవలెను. సీసం శరీరంలో చేరినవారికి పండ్ల మొదళ్ళ వెంట నీలి-నలుపు గీత ఏర్పడుతుంది. పాత బ్యాటరీలు విప్పే పనివారు దీనిని గుర్తుంచుకోవాలి. మూత్రపిండాలపైన ఉండే ఎడ్రినల్ గ్రంథులు దెబ్బతిన్నప్పుడు వచ్చే ఎడిసన్ వ్యాధిలో నోటితో పాటు చర్మమూ నల్లబడుతుంది. నీరసం, బరువు తగ్గడం, తల తిరగడం తోడవుతాయి. పుచ్చిన పంటికి నింపిన వెండిరంగు సిమెంటు పొడి చిగురులో చిక్కుకుని చిన్న నీలిమచ్చగా మిగలడమూ ఉంది. అది హాని చేయదు.

అరుదైనా అత్యంత ప్రమాదకరమైనది మెలనోమా అనే క్యాన్సరు. ఇది ఎక్కువగా నోటి పైకప్పులోను, పై చిగుళ్ళలోను పుడుతుంది. కొత్తగా ఒకే వైపున పుట్టిన మచ్చ, అంచులు వంకరటింకరగా ఉన్న మచ్చ, వారాలలోనే పెరిగే మచ్చ, ఉబ్బినది, పుండైనది, రక్తం కారేది, ప్రక్కనున్న పన్నును కదిలించేది ఏదైనా సరే వెంటనే పరీక్షకు వెళ్ళవలెను. అట్టి మచ్చను ముందుగా లేసర్‌తో కాల్చివేస్తే పరీక్షకు పంపవలసిన కండ నశించి, రోగం బయటపడడం ఆలస్యమవుతుంది. కనుక కారణం తేల్చకుండా మచ్చను తొలగించే చికిత్సకు ఒప్పుకొనరాదు.

లేసర్ పనిచేసే తీరు

లేసర్ అంటే ఒకే రంగు గల, ఒకే దిశలో సాగే తీక్ష్ణమైన కాంతి. అమెరికా శాస్త్రజ్ఞుడు థియొడోర్ మైమన్ 1960 మే 16న మొదటి లేసర్‌ను పనిచేయించాడు. నేడు కంటి వైద్యం నుండి కర్మాగారాల వరకు అది వాడుకలో ఉంది. కాంతి తరంగపు పొడవును బట్టి లేసర్ గుణం మారుతుంది. ఈ పొడవును నానోమీటర్లలో కొలుస్తారు. మీటరును నూరు కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు.

చిగుళ్ళ చికిత్సకు ఎక్కువగా వాడేది డయోడ్ లేసర్. దాని తరంగం 810 నుండి 980 నానోమీటర్ల వరకు ఉంటుంది. ఈ కాంతిని మెలనిన్, రక్తంలోని ఎర్రని పదార్థం బాగా పీల్చుకుంటాయి. యంత్రం కూడా చిన్నది. 1064 నానోమీటర్ల నియోడిమియం-యాగ్ లేసర్ ఇదే కోవకు చెందినా మరింత లోతుకు పోతుంది. 2940 నానోమీటర్ల ఎర్బియం-యాగ్ కాంతిని, 10,600 నానోమీటర్ల కార్బన్ డయాక్సైడ్ లేసర్ కాంతిని నీరు పీల్చుకుంటుంది. చిగురులో నీరే అధికం గనుక అవి పైపొరను పలుచగా తీసివేయగలవు. యంత్రం ఏదైనా జరిగే పని ఒకటే: రంగుకణాలున్న పైపొర పోతుంది, దాని స్థానంలో కొత్త పొర పెరుగుతుంది. కొత్త పొరలో తొలుత మెలనిన్ తక్కువగా ఉండడం చేత చిగురు గులాబిరంగున కనబడుతుంది.

చికిత్స జరిగే తీరు

వైద్యుడు మొదట నోరంతా పరీక్షించి, గారను తీసి, చిగుళ్ళ వాపును తగ్గించవలెను. వాచిన చిగురుపై లేసర్ వాడరాదు. చికిత్స నాడు చిగురుకు మత్తుమందు పూస్తారు లేదా సూదితో ఇస్తారు. గదిలో ఉన్న వైద్యుడు, సహాయకుడు, రోగి అందరూ ఆ తరంగానికి తగిన రక్షణ కళ్ళద్దాలు ధరించాలి. దారితప్పిన కిరణం కంటిని శాశ్వతంగా దెబ్బతీయగలదు. లేచే పొగను పీల్చివేసే గొట్టం దగ్గరలో ఉండాలి. ముందుపండ్ల ప్రాంతానికి సాధారణంగా అరగంట నుండి గంట పడుతుంది. రక్తం చాలా తక్కువ; కుట్లు ఉండవు. నిపుణత లేని చేతిలో ఎక్కువ వేడి తగిలితే చిగురు క్రిందికి జారి పంటివేరు బయటపడవచ్చు, లోపలి ఎముక దెబ్బతినవచ్చు. చిగురు పలుచగా ఉన్నవారికి ఈ అపాయం అధికం.

మొదటి కొన్ని రోజులు పుండుపై తెల్లని లేదా పసుపుపచ్చని పలుచని పొర కనబడుతుంది. అది చీము కాదు, మానుతున్న గుర్తు. దానిని గోటితోగాని బ్రష్షుతోగాని తీయరాదు. పైపొర ఒకటి రెండు వారాలలో కప్పుకుంటుంది. పూర్తిగా గట్టిపడడానికి నెల పట్టవచ్చు. ఆ రోజులలో చల్లారిన రాగి అంబలి, మజ్జిగన్నం, మెత్తని సంగటి తీసుకోవాలి. ఎర్రకారం, ఊరగాయ, వేడివేడి కాఫీ, వక్కాకు, బీడీ పనికిరావు. నొప్పిమాత్రలు, నోరు పుక్కిలించే మందు వైద్యుడు చెప్పిన మేరకే వాడాలి. నొప్పి తగ్గకుండా పెరిగినా, జ్వరం వచ్చినా తిరిగి చూపించుకోవాలి.

నలుపు తిరిగి వస్తుందా?

చాలామందికి ఎంతో కొంత తిరిగి వస్తుంది. ప్రక్కనున్న చిగురు నుండి మెలనోసైట్లు మెల్లగా కొత్త పొరలోకి చేరుకోవడమే ఇందుకు కారణం. కొందరికి కొన్ని నెలలకే, మరికొందరికి కొన్నేండ్లకు నలుపు మరల కనబడుతుంది. పొగత్రాగేవారికి త్వరగా వస్తుంది. "జన్మకు ఒక్కసారి చాలు" అని చెప్పే ప్రకటనను నమ్మరాదు. ఖర్చు లెక్కించేటప్పుడు మరల చేయించవలసి రావచ్చునన్న సంగతిని కూడా లెక్కలో వేసుకోవాలి.

లేసర్ ఒక్కటే మార్గం కాదు. శస్త్రచికిత్స కత్తితో పైపొరను పలుచగా గీసితీసే పాత పద్ధతి నేటికీ అమలులో ఉంది. అందులో రక్తం ఎక్కువగా వస్తుంది, మానేవరకు కట్టు వేస్తారు. కాని ఖరీదైన యంత్రం అవసరం లేదు. రంగు విషయంలో ఈ పద్ధతి ఫలితం లేసర్‌కు తీసిపోదని పరిశోధనలు తెలుపుతున్నాయి. అతిశీతలంతో పొరను గడ్డకట్టించే పద్ధతి, విద్యుత్తుతో కాల్చే పద్ధతి కూడా ఉన్నాయి. కాబట్టి లేసర్ ఖర్చు భరించలేనివారు కత్తి పద్ధతి గురించి అడిగి తెలిసికొనవచ్చును.

ఇటుకపొడి, బొగ్గుపొడి, ఉప్పురాళ్ళు, నిమ్మచెక్కతో చిగుళ్ళు రుద్దితే నలుపు పోతుందన్న నమ్మకం నిరాధారం. రంగు పొర అడుగున ఉంటుంది గనుక రుద్దుడు దానిని అందుకోలేదు. పంటి మెరుపు అరిగిపోవడం, చిగురు గాయపడడం తప్ప ఒనగూడే ప్రయోజనం లేదు. పొగాకు పొడితో పండ్లు తోమే అలవాటు మరింత కీడు. అది నోటి క్యాన్సరుకు దారి.

ఎవరు వేచి ఉండాలి?

గర్భవతులు, చక్కెరవ్యాధి అదుపులో లేనివారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, చిగుళ్ళ నుండి రక్తం కారేవారు ముందుగా తమ వైద్యుని సలహా పొందాలి. ఎదిగే పిల్లలకు ఈ చికిత్స తొందరపడి చేయించరాదు. తాను కోరుకుంటున్నదీ లేనిదీ చెప్పగల వయస్సు వచ్చిన తరువాతనే ఆలోచించడం న్యాయం.

పండ్ల మచ్చలు వేరు

చిక్కబళ్ళాపురం జిల్లాలో, ముఖ్యంగా బాగేపల్లి, గుడిబండ వైపు, లోతైన బోరునీటిలో ఫ్లోరైడు అధికం. త్రాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలని, వేరు నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చునని భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. అంతకు మించిన నీరు చిన్ననాట త్రాగినవారి పండ్లపై తెల్లని, పసుపుపచ్చని, గోధుమవన్నె చారలు పడతాయి. ఇవి పంటిలోనివి, చిగుళ్ళకు సంబంధించినవి కావు. చిగుళ్ళ లేసర్ చికిత్సతో ఇవి పోవు. ఒకే నవ్వులో రెండూ కనబడడం వలన తల్లిదండ్రులు పొరబడవచ్చు. ఎదిగే పిల్లలకు శుద్ధిచేసిన నీరు త్రాగించడం ఈ చారలను నివారించే మార్గం, దానికి లేసర్ ఖర్చుతో పోల్చదగినంత ఖర్చు కాదు.

ఎక్కడ చూపించుకోవాలి?

మొదటి పరీక్షకు తాలూకా, జిల్లా ఆసుపత్రుల దంత విభాగం చాలును. పెద్ద పరీక్షలకు బెంగళూరులో కె.ఆర్. మార్కెట్టు సమీపాన, విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో, 1958లో ప్రారంభమైన ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. అక్కడ కన్నడంలో అడగవలసివస్తే చిగుళ్ళను వసడు అంటారని, పండ్లను హల్లు అంటారని గుర్తుంచుకుంటే చాలు. ప్రైవేటు వైద్యశాలలో వైద్యునికి బి.డి.ఎస్. పట్టా, చిగుళ్ళ వైద్యంలో ఎం.డి.ఎస్. ఉన్నదో లేదో, లేసర్ వాడకంలో శిక్షణ పొందాడో లేదో అడగడం రోగి హక్కు. కర్ణాటకలో 2007 నాటి చట్టం ప్రకారం ప్రైవేటు వైద్యశాలలన్నీ నమోదు కావలెను. మొత్తం ఖర్చును కాగితంపై వ్రాయించుకోవాలి. కేవలం అందం కొరకు చేసే చికిత్సలు ఆయుష్మాన్ భారత్ పథకం క్రిందికి రావు. పొగాకు మానదలచినవారికి 1800112356 అనే ఉచిత ఫోను సలహా కేంద్రం కలదు.

అందం గురించి ఒక మాట

నల్లని చిగుళ్ళు అన్ని కాలాలలో, అన్ని దేశాలలో లోపంగా పరిగణింపబడలేదు. పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్‌లో స్త్రీలు సూదులతో పొడిపించుకుని మరీ చిగుళ్ళను నల్లగా చేయించుకునే ఆచారం ఉంది. ఉత్తర భారతంలోను, హైదరాబాదు ప్రాంతంలోను పూర్వం స్త్రీలు మిస్సీ అనే నల్లని పొడిని పండ్లకు, చిగుళ్ళకు అలంకారంగా పూసుకునేవారు. అక్కడ నలుపే శోభ. ఇక్కడ గులాబిరంగు శోభ అంటున్నారు.

తన నవ్వు తనకు నచ్చక, వయస్సు వచ్చి, ఫలితం తాత్కాలికమని తెలిసి, చేతిలో సొమ్ము ఉండి ఒకరు ఈ చికిత్స కోరుకుంటే అందులో తప్పు పట్టవలసినది లేదు. సంబంధం కుదరదేమోనన్న భయంతో, వడ్డీకి తెచ్చిన సొమ్ముతో, ఆడపిల్లను ఒప్పించి చేయించడం మాత్రం వేరు సంగతి. ఆ సొమ్ములో చిన్న భాగంతో ఇంటిల్లిపాదీ నోటి పరీక్ష చేయించుకుని, గార తీయించుకుని, పుచ్చిన పండ్లను బాగుచేయించుకోవచ్చు. రక్తం కారని, వాపు లేని, గట్టిగా పంటిని పట్టి ఉన్న చిగురు నల్లనిదైనా ఆరోగ్యమైన చిగురే.