ఫోనులో వార్తల ఫీడ్: తెలుగు లిపికి ఆలస్యంగా దక్కిన సదుపాయం

వార్తా వెబ్‌సైట్లను ఒక్కొక్కటిగా తెరిచి చూడనక్కరలేకుండా, వాటిలో కొత్తగా చేరిన కథనాలన్నిటినీ ఒకేచోట చదువుకునే వీలు కల్పించిన సాధనం ఫీడ్. శీర్షిక, క్లుప్త సారాంశం, తేదీ, పూర్తి కథనానికి లింకు అనే అంశాలను ఎక్స్‌ఎంఎల్ అనే గుర్తుల పద్ధతిలో పేర్చిన ఈ చిన్న ఫైలు, కొత్త వార్త పడినప్పుడల్లా వెబ్‌సైటులో దానంతటదే మారుతుంది. దీని తొలి రూపమైన ఆర్‌ఎస్‌ఎస్‌ను నెట్‌స్కేప్ సంస్థ 1999 మార్చిలో తన పోర్టల్ కోసం తెచ్చింది; దాన్ని రూపొందించినవారిలో భారత్‌లో పుట్టిన రామనాథన్ గుహ, డాన్ లిబ్బీ ముఖ్యులు. డేవ్ వైనర్ చేతుల మీదుగా 2002లో ఆర్‌ఎస్‌ఎస్ 2.0 వెలువడగా, అదే పని చేసే ఆటమ్ అనే మరో పద్ధతి 2005లో ఇంటర్నెట్ ప్రమాణంగా స్థిరపడింది.

ఈ ఫైళ్లను తెచ్చి చూపే ప్రోగ్రామును ఫీడ్ రీడర్ అంటారు. అది ప్రతి వెబ్‌సైటునూ కొంత వ్యవధికోసారి అడిగి కొత్తవాటిని తెచ్చుకోవాలి కనుక, డేటా ఖరీదుగా ఉన్న రోజుల్లో, బ్యాటరీ పరిమితమైన ఫోనుకు ఆ పని భారమయ్యేది. 2005 అక్టోబరులో మొదలైన గూగుల్ రీడర్ ఆ భారాన్ని తన సర్వర్లకు మార్చుకుని, ఏది చదివారో ఏది చదవలేదో కూడా అక్కడే గుర్తుపెట్టుకోవడంతో, కంప్యూటరులో వదిలిన చోటునుంచే ఫోనులో చదవడం సాధ్యమైంది. 2008 తరువాత స్మార్ట్‌ఫోన్లకు వచ్చిన పలు రీడర్ యాప్‌లు ఈ సేవనే ఆధారం చేసుకున్నాయి.

తెలుగు పాఠకుడికి మాత్రం అంతకుముందే ఒక అడ్డంకి ఎదురైంది. ప్రపంచ లిపులన్నిటికీ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు చోటుండి, ‘క’ అక్షరానికి 0సి15 అనే స్థిరమైన సంఖ్య ఉన్నప్పటికీ, పలు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు చాలాకాలం సొంత ఫాంట్లనే వాడాయి. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్టు, గుడి, ఒత్తు వంటి ముక్కలను విడివిడిగా అమర్చేవారు. ఫాంటు తోడుంటేనే అది తెలుగుగా కనిపించేది. ఫీడ్ పేజీ అలంకరణను, ఫాంటును వదిలేసి పాఠాన్ని మాత్రమే మోసుకెళ్తుంది కాబట్టి, అటువంటి శీర్షిక రీడరులోకి చేరేసరికి అర్థంలేని రోమన్ అక్షరాల వరుసగా మిగిలేది.

వెబ్‌సైటు యూనికోడ్‌లోకి మారినా, తెలుగు ఫాంటు లేని ఫోను అక్షరానికొక ఖాళీ డబ్బా చూపేది. ఒపెరా మినీ బ్రౌజరులో చిరునామా గడిలో ‘ఒపెరా:కాన్ఫిగ్’ అని కొట్టి, సంక్లిష్ట లిపులను బొమ్మలుగా పంపమనే ఎంపికను మార్చుకుంటే, ఒపెరా సర్వరే తెలుగు అక్షరాలను బొమ్మలుగా చేసి పంపేది. చదవడానికి వీలైనా, ఆ పాఠాన్ని కాపీ చేసుకోవడానికి వీలుండేది కాదు. 2009లో వచ్చిన న్యూస్‌హంట్ యాప్ ఫోనులో ఫాంటు లేకపోయినా భారతీయ భాషలను తన సొంత ఏర్పాటుతో చూపి, పలు పత్రికలను ఒకేచోట చేర్చింది. 2015లో అదే డైలీహంట్ అయింది.

ఆండ్రాయిడ్ 2012లో తన 4.1 వెర్షన్‌తో తెలుగును చేర్చుకోగా, మరుసటి ఏడాది జులై 1న గూగుల్ రీడర్ మూతపడింది. ఫోనులో తెలుగు అక్షరం కుదురుకునే వేళకు ఫీడ్ల ఉచ్చదశ ముగిసిపోయిందన్నమాట. అందువల్ల తెలుగువారిలో అధికులు పత్రికలను స్వయంగా ఎంచి కూర్చుకునే దశలోకి అడుగుపెట్టకుండానే, సంస్థ కూర్చి అందించే యాప్‌లకు, యాప్ తెరవకపోయినా తెరపైకి వచ్చే నోటిఫికేషన్లకు అలవాటుపడ్డారు. 2016లో జియో రాకతో డేటా చవకయ్యాక ఆ అలవాటు మరింత విస్తరించింది.

ఈ రెండు పద్ధతుల తేడా కేవలం సాంకేతికమైనది కాదు. ఫీడ్ రీడరులో ఏ వెబ్‌సైట్లు ఉండాలో పాఠకుడు నిర్ణయిస్తే, అవి ప్రచురించినవన్నీ సాధారణంగా కాలక్రమంలో వస్తాయి. యాప్‌లో ఏది ముందు కనిపించాలో పాఠకుడి గత ప్రవర్తనను లెక్కగట్టే ప్రోగ్రాము నిర్ణయిస్తుంది. ఫీడ్లు నేటికీ అంతరించలేదు: 2017 అక్టోబరులో ప్రారంభమైన బీబీసీ తెలుగు వంటి వార్తా సేవలకు అవి ఉన్నాయి, ఫీడ్‌లీ వంటి రీడర్లు ఫోనులో వాటిని చక్కని తెలుగులోనే చూపుతాయి. లిపి పెట్టిన అడ్డంకి తొలగిపోయింది. ఇక మిగిలినది, తన వార్తలను తానే ఎంచుకునే శ్రమకు పాఠకుడు సిద్ధపడటమే.