అయాన్లను కాంతితో పసిగట్టే పలుచని పొరలు

నీటిలోనో రక్తంలోనో కరిగి ఉన్న అయాన్ల గాఢతను రంగు మార్పుతో గాని, ఫ్లోరెసెన్స్‌తో గాని తెలిపే పొరలివి. మందం కొన్ని నానోమీటర్ల నుంచి కొన్ని మైక్రోమీటర్ల దాకా ఉంటుంది.

ఈ పొరల చరిత్రకు మొదలు జర్మనీలోని బ్రాన్‌ష్వైగ్‌లో ఒక వంటగది. విశ్వవిద్యాలయ చదువుకు నోచుకోని ఆగ్నెస్ పాకెల్స్, తొట్టెలో నీటిపై తేలే జిడ్డును అడ్డుపట్టీతో దగ్గరికి నెడుతూ తలతన్యత కొలిచింది. ఆమె తనకు రాసిన లేఖను భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1891లో ‘నేచర్’ పత్రికలో అచ్చు వేయించాడు. అలాంటి పొరల్లో అణువులు ఒకే వరుసగా, నీటిని ఇష్టపడే తల నీటివైపు పెట్టి నిలబడతాయని రసాయన శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్మ్యూర్ 1917లో చూపాడు.

జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో ఆయన సహోద్యోగి కేథరిన్ బ్లాడ్జెట్ ఆ పొరను గాజు మీదికి ఎక్కించింది. స్టియరిక్ ఆమ్లం పరచిన నీటిలో పలకను ముంచి తీస్తుంటే పొర మీద పొర అంటుకుంటుంది. ఒక్కోటి సుమారు 2.5 నానోమీటర్లు. 1935లో ఆమె ఈ పద్ధతిని వివరంగా ప్రచురించింది. నీటిలో కాల్షియమో బేరియమో ఉంటే పొర బాగా నిలిచేది. పేర్చిన పొరల మందాన్ని వాటిపై మెరిసే రంగులే చెప్పేవి. అయాను, పొర, కాంతి మూడూ ఆ బల్ల మీదే ఉన్నాయన్నమాట! అయితే అప్పటికి అయాను పొర నిలవడానికి వాడుకునే సరుకే, వెతికే వస్తువు కాదు.

వెతకాలంటే ఒక అయానును మరొకదాని నుంచి వేరుచేయగలగాలి. స్టియరిక్ ఆమ్లానికి ఆ నేర్పు అంతగా లేదు. 1967లో డ్యూపాంట్ రసాయన శాస్త్రవేత్త చార్లెస్ పెడర్సన్ క్రౌన్ ఈథర్లనే వలయాకార అణువులను ప్రకటించడంతో దారి దొరికింది. వాటిలో 18-క్రౌన్-6 వలయం నడిమి ఖాళీ పొటాషియానికి సరిపోతుంది. 1987 నోబెల్ బహుమతిలో పెడర్సన్‌కు వాటా దక్కింది.

1980ల చివర జ్యూరిక్‌లో విల్‌హెల్మ్ సైమన్ బృందం మెత్తబరచిన పీవీసీ పొరలో అయానును పట్టే అణువునూ, రంగు పదార్థాన్నీ కలిపింది. పొటాషియం లోపలికి రాగానే ఆవేశం సరితూగడానికి హైడ్రోజన్ అయాను బయటికి పోతుంది, రంగు మారుతుంది. చిక్కూ అక్కడే: నమూనా పీహెచ్ కదిలితే లెక్క తప్పుతుంది. అందుకే పీహెచ్‌ను నిలకడగా ఉంచే బఫర్ తప్పనిసరి.

మందంతోనూ పేచీయే. అయాన్లు పొరలో విస్తరించే సమయం మందం వర్గంతో పెరుగుతుంది కనుక పలుచనైతే స్పందన చురుకు. కానీ ఒక్క అణువు మందం పొర పీల్చుకునే కాంతి అత్యల్పం. పొరలు పేర్చడం, ఫ్లోరెసెన్స్‌ను ఆశ్రయించడం, లోహపు రేకుపై ఉపరితల ప్లాస్మాన్ అనునాదాన్ని (కాంతికి లోహపు ఎలక్ట్రాన్లు కలిసి ఊగడాన్ని) చదవడం ఇందుకు వచ్చిన ఉపాయాలే. రంగు పదార్థం కాంతికి వెలిసిపోవడం, నెమ్మదిగా నమూనాలోకి కారిపోవడం మాత్రం ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. ఆసుపత్రి ప్రయోగశాలల్లో సోడియం, పొటాషియం పరీక్షలు ఎక్కువగా ఎలక్ట్రోడ్ల చేతుల్లోనే ఉన్నాయి.