తక్కెడ పట్టిన చేతికి శిస్తు ఖాతా

గోదావరి పాయలు సముద్రాన్ని చేరే సీమలో ఇంగ్లీషు ఈస్టిండియా కుంపిణీకి మూడు బట్టల కొఠీలు ఉండేవి. నరసాపురం పక్కన మాధవాయపాలెం, యానాం చేరువన ఇంజరం, కోనసీమలో బెండమూర్లంక. నేతగాళ్లకు ముందుగా బయానా ఇవ్వడం, నేసిన బట్ట కొలిచి నాణ్యం చూడడం, ఓడకెక్కించడం అక్కడి దొరల పని. మాధవాయపాలెం పేరు ఒక రకం నూలుబట్టకే పేరై ఐరోపా అంగళ్లలో నిలిచింది.

ఈ వర్తకుల చేతికి రాజ్యం వచ్చిన తీరు గమనించదగ్గది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ మూడు కొఠీలనూ పట్టుకున్నాడు. 1758 డిసెంబరు 7న చందుర్తి దగ్గర ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారిని ఓడించాడు. మరుసటి ఏప్రిల్‌లో బందరు కోట ఇంగ్లీషువారి వశమైంది. 1765లో మొగలు పాదుషా షా ఆలం నుంచి ఈ సీమ ఉన్న ఉత్తర సర్కారులకు కుంపిణీ ఫర్మానా సంపాదించింది. 1766 నవంబరు 12న హైదరాబాదు నిజాం అలీతో ఒడంబడిక కుదిరింది. రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగరం సర్కారులకు ఏటా 5 లక్షల రూపాయల కప్పం చెల్లించాలన్నది అందులో ఒక షరతు. నిజాం దర్బారుతో సాగిన మంతనాల్లో దుబాసి కాండ్రేగుల జోగి పంతులు పాత్ర పెద్దది.

మొదట కుంపిణీ సర్కారులను హుస్సేన్ అలీ ఖాన్‌కు ఇజారాకు, అంటే గుత్తకు, ఇచ్చింది. 1769లో ఆ పద్ధతి మాని, పాలనను తన వర్తక కొలువులకే అప్పగించింది. గోదావరి ప్రాంతం చాలావరకు బందరు చీఫ్, కౌన్సిల్ కిందికి వచ్చింది. నిన్నటిదాకా బట్టల ధర బేరమాడినవాళ్లే ఇప్పుడు జమీందారులు కట్టవలసిన పేష్కష్‌నూ, సర్కారు సొంత హవేలీ భూముల ఇజారానూ నిర్ణయించసాగారు. అంతకుముందు కుంపిణీ బట్ట కొనాలంటే ఇంగ్లండు నుంచి వెండి తేవలసి వచ్చేది. ఇప్పుడు రైతు కట్టిన శిస్తులోంచే నేతగాడికి బయానా వెళ్లే వీలు చిక్కింది. పొలం నుంచి వచ్చిన సొమ్ము బట్టగా మారి ఓడ ఎక్కింది. దానికి బదులుగా ఈ సీమకు తిరిగి వచ్చింది బహు స్వల్పం.

కొలువుదారుల జీతాలు చిన్నవి, సొంత వ్యాపారం పెద్దది. జమీందారులకు వడ్డీకి అప్పులిచ్చిన దొరలూ ఉన్నారు. శిస్తు నిర్ణయించే చెయ్యి, అప్పు వసూలు చేసుకునే చెయ్యి ఒక్కటైనప్పుడు న్యాయం నిలవదు. సర్కారుల స్థితిగతుల్లో నిజానిజాలు తేల్చడానికి వేసిన సర్క్యూట్ కమిటీని 1778లో మద్రాసు గవర్నరు రంబోల్డ్ రద్దు చేశాడు. 1783లో దాన్ని మళ్లీ నియమించారు. చివరకు 1794లో చీఫ్‌లను, కౌన్సిళ్లను తీసేసి కలెక్టర్లను పెట్టారు. 1769 నుంచి అప్పటికి పాతికేళ్లు గడిచాయి.

మనుషులు మారినా లెక్క మారలేదు. 1802-03లో శిస్తును శాశ్వతంగా ఖరారు చేసే పద్ధతి వచ్చింది. హవేలీ భూములను ముఠాలనే ఎస్టేట్లుగా విడగొట్టి వేలం వేశారు. పాట పెంచి కొన్నవాళ్లలో చాలామంది బకాయిపడి వాటిని పోగొట్టుకున్నారు. చెరువులకు, కాలవలకు మరమ్మతు లేదు. 1832-33 నాటి నందన నామ సంవత్సరపు కరువు, 1839 నాటి తుఫాను రాజమండ్రి జిల్లాను కుంగదీశాయి. 1821లో 7 లక్షల 38 వేలున్న ఆ జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. వసూలు పడిపోతేనే ప్రభుత్వం మేలుకుంది. హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారి విచారణ జరిపి, 1844లో నివేదిక ఇచ్చాడు. నీటికి ఖర్చు పెట్టకుండా భూమి నుంచి ఆదాయం రాదన్న ఇంజనీరు ఆర్థర్ కాటన్ మాటకు అప్పుడు విలువ వచ్చింది.

వర్తకుడు ఖజానా నడపడం తప్పు కాదు. ఖజానాను అంగడిగా నడపడమే తప్పు. సరుకు ఈ ఏడు కొని ఈ ఏడే అమ్మేయవచ్చు. భూమికి మాత్రం ముందు పెట్టాలి, తరవాత పొందాలి. ఈ చిన్న సత్యం ఏ సేద్యగాడైనా చెప్పగలడు. దాన్ని గ్రహించి గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్టను పూర్తి చేసేసరికి 1852 వచ్చింది. నిజాంతో ఒడంబడిక రాసుకున్న నాటికి, ఆనకట్ట ముగిసిన నాటికి మధ్య ఎనభై ఆరేళ్లు.